వచ్చినోళ్ళ నీళ్ళు

ఉల్లిపాయ అబద్ధం చెప్పదని ముప్పై ఏళ్ళుగా కాలేజీలో పిల్లలకి చెబుతున్నాను. అది ఇప్పటికీ నా మాట నిలబెడుతూనే ఉంది. అబద్ధం చెప్పిందల్లా నేనే. అదీ కడుపుతో ఉన్న పిల్లకి, ఫోన్లో, నవ్వుతూ చెప్పాను.

నా పేరు సలోమి. అమలాపురానికి దగ్గర్లో ఒక డిగ్రీ కాలేజీలో బోటనీ చెబుతాను. నాకు కొంచెం గీర అని స్టాఫ్ రూములో అనుకుంటారు. కొంచెమేమిటి, బాగానే ఉంది. మా తాత పలివెల చేలల్లో పాలేరు. మా అమ్మ ఊడ్పులకి వెళ్తూ నన్ను గట్టు మీద కూర్చోబెట్టి పలకా బలపం చేతికిచ్చేది. ఆ గట్టు మీద నుంచి మైక్రోస్కోపు దాకా వచ్చినదాన్ని, ఆ మాత్రం గీర ఉంటే తప్పేమిటని నా వాదన. చివరికి ఆ గీరే కొంప ముంచబోయింది.

మా పుట్టిల్లు బేతేలుపేట. కొత్తపేట వెళ్ళే బస్సు దిగి కొబ్బరితోటల మధ్య అరమైలు నడవాలి. నలభై ఇళ్ళు, ఒక చర్చి, చర్చి పక్కన ఒక బోరు. పేటంతా తాగేది ఆ బోరు నీళ్ళే. పేట వెనక మురుగుకాలవ. కాలవ అవతల, పక్క టౌనువాళ్ళు పన్నెండేళ్ళుగా చెత్త పోస్తున్న పల్లపు నేల. వానాకాలం వచ్చిందంటే ఆ చెత్తగుట్ట కింద నుంచి నల్లటి జిగురు నీళ్ళు కారతాయి. మా పేటవాళ్ళు దానికి కషాయం అని పేరు పెట్టారు. ఏ చేటు వచ్చినా ముందు దానికో పేరు పెట్టి నవ్వుకోవడం మా గోదావరి వాళ్ళ అలవాటు. ఆ కషాయం కాలవలోకి దిగుతుంది, కాలవలోంచి ఇసుక నేలలోకి ఇంకుతుంది. మా దగ్గర ముప్పై అడుగులకే నీళ్ళు పడతాయి. పైన పోసింది కిందకి చేరడానికి పెద్ద ప్రయాణం చెయ్యక్కర్లేదు.

ఊళ్ళో మంచినీళ్ళ ట్యాంకు ఉంది. దాని పైపు మాత్రం పేటకి అరకిలోమీటరు ఇవతలే ఆగిపోయింది. దాన్ని పేట దాకా వెయ్యమని మావాళ్ళు అర్జీ పెట్టుకుంటే, నిరుడు ఆగస్టులో నీళ్ళ ఆఫీసు ఏఈ ప్రకాశరావుగారు వచ్చి ఒక సీసాడు నీళ్ళు పట్టుకెళ్ళారు. నెల తిరక్కుండా రిపోర్టు వచ్చింది. నీళ్ళు తాగడానికి పనికొస్తాయి, పైపు అవసరం లేదు. ఇంకేముంది, చెత్త సంగతి బయటపడకుండా ఏఈ టౌనువాళ్ళ దగ్గర లంచం మేశాడని జగ్గారావు ఇల్లిల్లూ తిరిగి చాటింపు వేశాడు. జగ్గారావు మా వార్డు మెంబరు. మైకు లేకపోయినా అతని గొంతు మురుగుకాలవ అవతలికి వినిపిస్తుంది.

నాకు ఆ గొడవేదీ పట్టలేదు. కాలేజీ క్వార్టర్సులో కొళాయి తిప్పితే మంచినీళ్ళు వస్తాయి, మనకెందుకు పడుతుంది? డిసెంబరులో జెస్సీ ఫోన్ చేసేదాకా నేను ఆ రిపోర్టు అడిగి చూసిన పాపాన పోలేదు.

జెస్సీ మా దానమ్మ పిన్ని కోడలు. పిన్ని మా అమ్మకి ఆఖరి చెల్లెలు, నాకంటే పన్నెండేళ్ళే పెద్ద. ఆమె కొడుకు సుధీర్ కువైట్‌లో ఏసీ మెకానిక్కు. అతను సెలవు మీద వచ్చి వెళ్ళాక జెస్సీకి నెల తప్పింది. రాజోలులో పుట్టింట్లో ఉండి, వాంతులు తగ్గాక ఐదో నెలలో అత్తగారి దగ్గరికి వచ్చింది. రెండు నెలలు ఇక్కడ ఉండి ఏడో నెలలో మళ్ళీ పుట్టింటికి పురిటికి వెళ్ళాలి. వచ్చిన మూడో రోజున నాకు ఫోన్ చేసి చాలాసేపు కుశలప్రశ్నలు వేసి, ఆఖరికి గొంతు తగ్గించింది.

"వదినగారూ, ఇక్కడి నీళ్ళు ఒకలాంటి వాసనొస్తున్నాయండి. నేను తాగొచ్చాండీ? అత్తయ్యగారితో మటుకు చెప్పకండి."

అడగాల్సిన మనిషినే అడిగిందని నాకు మహా సంబరమైంది. నీళ్ళలో ఏమేం కలిశాయో తేల్చడానికి పెద్ద ల్యాబు కావాలి గానీ, ఆ నీళ్ళు ప్రాణానికి ఏం చేస్తాయో చూడటానికి ఉల్లిపాయ చాలు. ఉల్లిపాయ అడుగున ఎండిన వేళ్ళు గీకేసి, అడుగు మాత్రమే తడిసేలా నీళ్ళగ్లాసు మీద కూర్చోబెడితే మూడు రోజుల్లో తెల్లటి వేళ్ళు దిగుతాయి. ఆ వేరు కొనలో కణాలు ఊరికే ఉండవు, ఒకటి రెండవుతూనే ఉంటాయి. ఆ కొన కోసి రంగు వేసి, గాజుపలక మీద నొక్కి మైక్రోస్కోపు కింద పెడితే, కణం తన క్రోమోజోముల్ని చెరిసగం పంచుకోవడం కళ్ళారా చూడొచ్చు. జన్యువుల్ని దెబ్బతీసే విషం నీళ్ళలో ఉంటే ఆ పంపకం తప్పుతుంది. ఇది నేను కనిపెట్టిన విద్య కాదు, లోకంలో చాలాచోట్ల చేసేదే. నా చేతిలో మాత్రం ముప్పై ఏళ్ళుగా నలిగింది.

పిన్నికి ఫోన్ చేసి, కాలేజీకి రెండు సీసాల నీళ్ళు కావాలి, పంపమన్నాను. ఎందుకో చెప్పలేదు. జెస్సీ చెప్పొద్దంది అన్నది పైకి చెప్పుకునే కారణం. ఏడో తరగతి చదివిన పిన్నికి ఈ క్రోమోజోముల గొడవ ఎందుకులే అనుకున్నది అసలు కారణం. చెప్పేవాడికి వినేవాడు లోకువ అంటారు. నేను అసలు చెప్పడమే దండగనుకున్నాను. మర్నాడు పొద్దున్నే పేట ఆటో అతను రెండు సీసాలు తెచ్చి ఇచ్చాడు. రెండూ తళతళలాడేలా తోమి, తడిగుడ్డ చుట్టి ఉన్నాయి.

పక్కన పోల్చుకోవడానికి కాలేజీ కొళాయి నీళ్ళలో కొన్ని ఉల్లిపాయలు పెట్టి, పిన్ని పంపిన నీళ్ళలో కొన్ని పెట్టాను. మూడో రోజుకి పిన్ని నీళ్ళలో వేళ్ళు నిటారుగా, తెల్లగా, వేలెడేసి పొడుగున దిగాయి. మైక్రోస్కోపు కింద ప్రతి కణం పుస్తకంలో బొమ్మలా పంచుకుంటోంది. మా ల్యాబు అటెండరు అప్పలస్వామి గ్లాసులు కడుగుతూ, "మేడమండీ, ఈ నీళ్ళు మన కొళాయి నీళ్ళ కన్నా బాగున్నాయండి" అన్నాడు. ముప్పై అడుగుల బోరు నీళ్ళు ఫిల్టరు పెట్టిన నీళ్ళ కన్నా ఎలా బాగుంటాయని ఒక్క క్షణం ఆగి ఉంటే ఈ కథ వేరేగా ఉండేది. నేను ఆగే రకం కాదు.

జెస్సీకి ఫోన్ చేసి నిశ్చింతగా తాగమన్నాను. నీళ్ళలో ఇనుము ఎక్కువ, అందుకే ఆ వాసన, కడుపుతో ఉన్నవాళ్ళకి ఇనుము మంచిదే కదా అని హాస్యం కూడా ఆడాను. ఆ పిల్ల నవ్వి, మీరు చెప్పాక ఇంక భయం లేదు వదినగారూ అంది. ఆ మాట విని నేను గర్వపడ్డాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

జనవరి మొదటి ఆదివారం పేటకి వెళ్ళాను. చర్చి అయ్యాక పిన్ని ఇంటికి వెళ్తే ఎప్పటిలాగే కుర్చీ తుడిచి వేసింది, స్టీలు గ్లాసులో మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది. చల్లగా, తియ్యగా ఉన్నాయి. అంతలో జెస్సీ ఎండలో నడిచి వచ్చి, మూలనున్న బిందెలో గ్లాసు ముంచుకుని గటగటా తాగింది. ప్లాస్టిక్ గ్లాసు కాబట్టి లోపలి నీళ్ళు కనిపించాయి. పల్చటి పసుపు రంగులో ఉన్నాయి. నా చేతిలో గ్లాసు చూసుకున్నాను. అడుగు దాకా తేటగా ఉంది.

లేచి వెళ్ళి ఆ బిందెలో నీళ్ళు దోసిట్లోకి తీసుకుని వాసన చూశాను. తుప్పు వాసన సరే, దాని కింద పులిసిన చెత్త వాసన.

"పిన్నీ, నాకిచ్చినవి ఏ నీళ్ళు?"

"టిన్ను నీళ్ళమ్మా, రోడ్డు మీద అమ్మే ఫిల్టరు నీళ్ళు. వచ్చినోళ్ళ కోసం ఒకటి కొని ఉంచుతాను. పాస్టరుగారొస్తారు, నువ్వొస్తావు."

"మరి కాలేజీకి పంపినవో?"

"అవేనమ్మా. కాలేజీలో పెద్దోళ్ళు తాగుతారు కదా. బోరు నీళ్ళు ఎలాగ పంపుతాను?"

ఇంకెవరైనా అయితే నవ్వేవారేమో. నాకు నవ్వు రాలేదు. ఇంకో ప్రశ్న నోటిదాకా వచ్చింది. అడగడానికి భయమేసింది, అయినా అడిగాను. ఆగస్టులో ఏఈగారు వచ్చినప్పుడు సీసాలో నీళ్ళు పోసింది ఎవరని.

"ఆయ్, నేనే పోసేను. బోరుకి దగ్గరగా ఉంది మనిల్లే కదా. ఆ రోజు వాన, బోరు చుట్టూ మోకాలి లోతు బురద. పాపం ఆయన తడిసిపోయి మన అరుగు మీద కూర్చున్నారు. సీసా ఇచ్చి, మీరు తాగే నీళ్ళు కొంచెం పొయ్యండమ్మా అన్నారు. ఇంటికొచ్చినాయన నోరు తెరిచి నీళ్ళడిగితే ఆ పసుపు నీళ్ళు పోస్తామా? టెస్టుకి బోరు దగ్గర వేరే పట్టుకుంటారులే అనుకున్నాను."

ఆయన పట్టుకోలేదు. వాన తగ్గగానే పిన్ని పోసిన సీసా పుచ్చుకుని వెళ్ళిపోయాడు. అంటే జిల్లా ల్యాబు పరీక్ష చేసిందీ టిన్ను నీళ్ళే, నేను పరీక్ష చేసిందీ టిన్ను నీళ్ళే. పేట నలభై ఇళ్ళూ, జెస్సీతో సహా, తాగుతున్నది మాత్రం ఇంతవరకూ ఎవరూ చూడని నీళ్ళు. గవర్నమెంటు రిపోర్టూ, బోటనీ లెక్చరరూ కలిసి మా పిన్ని మర్యాదకి సర్టిఫికెట్ ఇచ్చారు.

అప్పటికప్పుడు జెస్సీ చేతిలో గ్లాసు లాక్కున్నాను. రోడ్డు మీద నుంచి రెండు టిన్నులు తెప్పించి, ఇవి నీకు, వచ్చినవాళ్ళకి కాదు అని చెప్పి, బోరు దగ్గర నా చేత్తో నేనే పంపు కొట్టి ఆరు సీసాలు నింపుకున్నాను. బురదలో చెప్పు తెగింది. దాన్ని అక్కడే వదిలేసి ఒంటి చెప్పుతో బస్సెక్కాను.

ఈసారి ఫైనలియర్ పిల్లల్ని కూర్చోబెట్టుకుని చేశాను. ఒకటికి మూడుసార్లు చేశాం. బోరు నీళ్ళలో పెట్టిన ఉల్లిపాయలకి మూడో రోజున వేళ్ళు గోరంత మించలేదు. కొన్ని కొనల దగ్గర గోధుమరంగుకి మాడాయి, కొన్ని కొక్కేల్లా వంగాయి. పిల్లలు కాలవ ఒడ్డున గుంటలోంచి పట్టుకొచ్చిన కషాయంలో పెట్టినవాటికైతే వేళ్ళే రాలేదు. మైక్రోస్కోపులో చూస్తే పంపకం పూర్తికాక రెండు వైపుల మధ్య సాగిపోయిన క్రోమోజోములు, విరిగి ఎటూ చేరక నడుమ ఉండిపోయిన ముక్కలు, కణంలో ఓ మూల విడిగా పడి ఉన్న చిన్న ఉండలు. కొళాయి నీళ్ళలో వందలో ఒకటో రెండో కనిపించే తప్పులు ఇందులో ప్రతి ఆరో కణానికీ కనిపించాయి. పిల్లలు లెక్కపెడుతూ లెక్కపెడుతూ మాట్లాడటం మానేశారు. మామూలుగా ఈ ప్రాక్టికల్‌లో వాళ్ళ నోరు మూయించడానికి నేను బల్ల చరుస్తూ ఉండాలి.

ఆ ఫోటోలు ఫోన్లో వేసుకుని శనివారం సాయంత్రం పేటకి వెళ్ళాను. పిన్నికీ జెస్సీకీ ఒక్కొక్కటే చూపించి, ముందే చెయ్యాల్సిన పని అప్పుడు చేశాను. అంటే అంతా విడమరిచి చెప్పాను. పిన్నికి ఏడో తరగతి చదువుకే అంతా అర్థమైంది. మా బీయస్సీ పిల్లల కన్నా తొందరగా అర్థమైంది. జెస్సీ చివరి ఫోటో చాలాసేపు చూసి, ఫోను నాకు తిరిగిచ్చి, చెయ్యి పొట్ట మీద పెట్టుకుంది.

"వేళ్ళకి అయినట్టు లోపల బిడ్డకీ అవుతుందాండీ?"

క్లాసులో ఏ ప్రశ్న వేసినా నా దగ్గర జవాబు ఉంటుంది. లేకపోతే ఉన్నట్టు కనిపిస్తాను. ఆ పిల్ల ముందు అలా కనిపించడానికి మనసొప్పలేదు.

"తెలీదు జెస్సీ. ఉల్లిపాయ వేరు సంగతి వేరు, మనిషి సంగతి వేరు. ఆ నీళ్ళు జన్యువుల్ని దెబ్బతియ్యగలవని మాత్రం తేలింది. నీ బిడ్డకి ఏమైనా అయిందా అంటే నాకు తెలీదు. తాగమన్నది నేను. తప్పు నాది."

స్కానింగులో అంతా బాగానే ఉందని డాక్టరమ్మ చెప్పారని ఆ పిల్లే నాకు ధైర్యం చెప్పింది. తర్వాత, ఎవరినీ తప్పు పట్టకుండా, ఉన్నమాట చెబుతున్నట్టు ఒక మాట అంది. "టిన్ను నీళ్ళు అడుగుదామని చాలాసార్లు అనిపించిందండి. అవి వచ్చినోళ్ళవి కదా, అడిగితే బాగోదని ఊరుకున్నాను."

పిన్ని గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఆ మాట విని లోపలికి వెళ్ళిపోయింది. నేను వెనకే వెళ్తే పొయ్యి దగ్గర పీట మీద కూర్చుని ఉంది. గణతంత్ర దినోత్సవం నాడు గ్రామసభ ఉంది, ఏఈగారు వస్తారు, మొదటి సీసా సంగతి నువ్వే లేచి చెప్పాలి పిన్నీ అన్నాను. ఒకసారి నీళ్ళు బాగున్నాయని రిపోర్టు వచ్చాక మళ్ళీ ఏడాది దాకా పరీక్ష చెయ్యరు. మొదటి నమూనాయే తప్పని తేలితే తప్ప.

పిన్ని తల అడ్డంగా ఊపింది. ఐదు నెలలుగా పేటంతా ఏఈగారిని తిడుతోంది, ఇప్పుడు లేచి ఆ పని చేసింది నేనని చెబితే పేటలో బతకనిస్తారా అంది. పాతికేళ్ళుగా చర్చి సంఘంలో స్త్రీల కూటానికి పెద్దగా ఉన్న మనిషి. పేటలో ఏ ఇంట్లో కార్యం జరిగినా వచ్చినవాళ్ళ మర్యాద దానమ్మ చూసుకుంటుందని వదిలేస్తారు. ఉన్న ఒక్క పేరూ పోగొట్టుకోమని నేను అడుగుతున్నాను. గట్టిగా అడగలేకపోయాను. నువ్వు చెప్పకపోతే నా ఉల్లిపాయలే చెబుతాయిలే అని డాబుగా అనేసి వచ్చాను.

నా ఉల్లిపాయలు ఏం చెప్పాయో గ్రామసభలో తెలిసింది.

పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. పొద్దున జెండా ఎగరేసినప్పుడు పంచిన చాక్లెట్ల కాగితాలు ఇంకా నేల మీదే ఉన్నాయి. నేను ఫోటోలు పెద్దవి చేయించి అట్టలకి అంటించి తీసుకెళ్ళి, పావుగంట అనర్గళంగా మాట్లాడాను. నా మటుకు నాకు బ్రహ్మాండంగా అనిపించింది. ప్రకాశరావుగారు మర్యాదగా అంతా విని, లేచి దణ్ణం పెట్టారు.

"మేడంగారు చెప్పింది కాదనడానికి నేనెవర్నండి. కానీ మా రూల్సులో ఉల్లిపాయ లేదండి. ల్యాబు రిపోర్టు ఒకటే ఉంది. అది బాగుందని చెబుతోంది. ఏడాది తిరిగాక మళ్ళీ పరీక్ష చేయిస్తాను."

వెనక వరసల్లో ఎవరో, ఉల్లిపాయలు పకోడీలకి పంపండి అన్నారు. జనం నవ్వారు. నా మొహం కందగడ్డ అయింది. సరిగ్గా అప్పుడే జగ్గారావు లేచాడు. రిపోర్టు ఎలా బాగుంటుందో మాకు తెలుసు, టౌనువాళ్ళు కవరు ఎంత మందాన ఇచ్చారో చెప్పమని నిలదీశాడు. చుట్టూ జనం అవునవునన్నారు. పాపం ప్రకాశరావుగారు చేసిన తప్పు బురదలోకి దిగకపోవడం ఒక్కటే. ఆ తప్పు ఇంకెవరికీ తెలీదు. ఆయన మీద లంచం అంటగడుతుంటే అసలు సంగతి తెలిసినదాన్ని నేను అట్టలు పట్టుకుని నిలబడ్డాను. నేను చెప్పెయ్యొచ్చు. కానీ పిన్ని పేరు పిన్ని ఒప్పుకోకుండా ఎలా బయట పెడతాను?

ఆడవాళ్ళ వైపు నుంచి పిన్ని లేచింది. చర్చికి కట్టుకునే తెల్లచీర కట్టుకుని వచ్చింది. అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు, ఇంటి దగ్గరే నిశ్చయించుకుని వచ్చిందని.

"ఏఈగారు లంచం తినలేదండి. ఆ సీసాలో ఉన్నవి మన బోరు నీళ్ళు కాదు. మా ఇంట్లో టిన్ను నీళ్ళు. నేనే పోసేను."

ముందు ఎవరికీ బోధపడలేదు. పిన్ని మళ్ళీ మొదటి నుంచి చెప్పింది. వాన, బురద, అరుగు, సీసా. ఎక్కడా తడబడలేదు, ఎక్కడా తనని వెనకేసుకు రాలేదు. చెబుతున్నకొద్దీ మా పేట వరసల్లో మొహాలు మారిపోయాయి. ఒకామె చంటిపిల్లాణ్ణి గుండెకి అదుముకుని, ఐదు నెలలుగా మా పిల్లలకి అవే పట్టేం కదే దానమ్మా అని ఏడ్చేసింది. జగ్గారావు అంతవరకూ ఏఈగారి మీద చూపించిన వేలు పిన్ని వైపు తిప్పాడు.

"నీ మర్యాద తగలెయ్యా. నీ టిన్ను నీళ్ళ కోసం పేటంతా విషం తాగిందా?"

"తగలెయ్యండి జగ్గారావుగారూ. కానీ ముందు ఒకటి చెప్పండి. మీ ఇంట్లోనూ టిన్ను ఉంది. అందులో నీళ్ళు మీ ఆవిడకి ఎప్పుడైనా ఇచ్చేరా?"

జగ్గారావు ఆడవాళ్ళ వరసలో ఉన్న పెళ్ళాం వైపు చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నేల చూపులు చూస్తోంది. ఆ వరసలో కూర్చున్న ఆడవాళ్ళందరూ ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఆ సీసా దానమ్మ గుమ్మంలోకి కాక వాళ్ళలో ఎవరి గుమ్మంలోకి వచ్చినా అందులో బోరు నీళ్ళు పడేవి కావు. ఆ సంగతి వాళ్ళకి తెలుసు, నాకూ తెలుసు. ఇక ఎవరూ పిన్నిని ఏమీ అనలేదు.

నేను కూడా లేచి, అవే నీళ్ళు పరీక్ష చేసి అవే బాగున్నాయని చెప్పి కడుపుతో ఉన్న మా మరదల్ని తాగమన్నానని ఒప్పుకున్నాను. పిన్నికి పట్టిన ధైర్యంలో నాకు పావలావంతు కూడా పట్టలేదు. అయినా చెప్పాను.

ప్రకాశరావుగారు ఇంకో మాట లేకుండా బయల్దేరారు. సభ అలాగే వదిలేసి జనమంతా వెంట నడిచారు. ఆయన ప్యాంటు మడిచి, బూట్లు విప్పి, బురదలోకి దిగి, పంపు తన చేత్తో కొట్టి, మూడు సీసాలు నింపి అందరి ముందూ లక్కముద్ర వేశారు. అరుగు మీద కూర్చోమని ఎవరూ పిలవలేదు, ఆయనా అటు చూడలేదు.

పది రోజులకి రిపోర్టు వచ్చింది. సీసమూ నైట్రేటూ హద్దు దాటాయి, ఆ నీళ్ళు తాగకూడదు అని రాసి ఉంది. నా ఉల్లిపాయలకి పరాయి సాక్ష్యం అక్కర్లేదు గానీ, దొరికితే చేదా? ఆ వారంలోనే పేటకి ట్యాంకరు రావడం మొదలైంది. బోరు పంపుకి గొలుసు వేశారు. పైపులైను మంజూరైంది. చెత్తగుట్టని అక్కడి నుంచి కదిలించడానికి మాత్రం ఇంకా పెద్ద యుద్ధమే ఉంది. చేస్తాం. మా ఫైనలియర్ పిల్లలు ఇప్పటికే టౌను చుట్టుపక్కల పదకొండు బోర్ల నీళ్ళు తెచ్చి ఉల్లిపాయలు పెట్టారు. ఈసారి ఎవరి ఇంట్లోంచీ కాదు, ప్రతి సీసా పంపు కిందే నింపారు.

ఫిబ్రవరిలో, జెస్సీ రాజోలు వెళ్ళడానికి రెండు రోజుల ముందు, ప్రకాశరావుగారు పిన్ని ఇంటికి వచ్చారు. ఒకే బోరుకి ఒకసారి బాగుందనీ ఇంకోసారి బాగులేదనీ రిపోర్టులు ఉంటే పైవాళ్ళు కారణం అడుగుతారట. పిన్ని చేత ఒక వాంగ్మూలం తీసుకోవాలి. ఆయనే రాసుకొచ్చారు. చాలా పెద్దమనిషి తరహాగా, పిన్నికి మాట రాకుండా రాశారు. నేను పైకి చదివాను. దానమ్మ అను నేను తెలియక అజాగ్రత్త వల్ల వేరొక నీటిని సీసాలో పోసితిని అని ఉంది.

పిన్ని సంతకానికి పెన్ను అందుకోలేదు.

"అజాగ్రత్త అని రాయకండి, కొట్టెయ్యండి. నేను చాలా జాగ్రత్తగానే చేసేను. గడప దాటి వచ్చినాయనకి మంచినీళ్ళు పోసేను. గడప లోపల కడుపుతో ఉన్న పిల్లకి మురుగునీళ్ళు పోసేను. అలాగ రాయండి, అప్పుడు పెడతాను సంతకం."

అలా రాస్తే ఫైలులో బాగోదండి అని ప్రకాశరావుగారు నసిగారు. పిన్ని నా చేతిలో కాగితం తీసి ఆయన చేతికిచ్చింది. జెస్సీ పెట్టె సర్దడం ఆపేసి, బట్టలు చేతిలో పట్టుకుని వింటోంది. చివరికి ఆయన కాగితం ఒళ్ళో పెట్టుకుని పాత వాక్యం కొట్టేసి, పిన్ని చెప్పింది చెప్పినట్టు, ఒక్క అక్షరం పోకుండా రాశారు. పిన్ని దాన్ని తనే ఒకసారి కూడబలుక్కుని చదువుకుని కింద సంతకం పెట్టింది.